అన్నయ్య కట్టిన గంప పాట

మా అన్నయ్య దేవసహాయం పోయి నెల దాటింది. ఆదరణ కూటానికి సంఘంవాళ్ళు అచ్చు వేయించిన కార్డు మీద, ఫోటో కింద, ‘నమ్మకమైన సంఘ గాయకుడు’ అని వేశారు. ఇప్పుడున్న పాస్టరుగారు చిన్నవయసువారు, మంచివారు. అన్నయ్య తన గొంతునంతా ప్రభువుకే ఇచ్చాడనీ, లోకం పాటల వైపు ఒక్కసారి కూడా తొంగి చూడలేదనీ చెప్పారు. వెనక కుర్చీల్లోంచి ఎవరో ఆమెన్ అన్నారు. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు గానీ మైకు దగ్గరకు తెచ్చేసరికి నాకు నోరు పెగల్లేదు. ఇంటికొచ్చి ఆ కార్డు ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ చదివాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా కోడలు బియ్యం ఏరుకుంటూ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. అందుకని ఏది చదివినా వేలు పెట్టి, మాట మాటకీ ఆగుతూ చదువుతాను. నమ్మకమైన. సంఘ. గాయకుడు. మూడూ నిజమే. కానీ ఆ కార్డు మీదున్న మనిషి నాకు తెలిసిన అన్నయ్యలో సగమే. రెండో సగాన్ని అన్నయ్య మా అమ్మ కోసం, సంఘమంతటి ముందు నిలబడి, నాది కాదన్నాడు. అది కళ్ళారా చూసినవాళ్ళలో ఇంక నేనే మిగిలాను. మైకులో చెప్పలేకపోయింది ఇలా రాస్తున్నాను.

మా పేట నరసాపురం దాటాక, మొగల్తూరు వెళ్ళే దారికి ఎడం పక్క, కాలవ గట్టును ఆనుకుని ఉండేది. తాటాకు ఇళ్ళు, మధ్యలో సున్నం వేసిన చర్చి. నాన్న కూలికి వెళ్ళేవాడే గానీ సంఘంలో పెద్ద. శనివారం సాయంత్రమైతే మా ఇంట్లో వాసనే మారిపోయేది. నాన్న ఇత్తడి చెంబులో నిప్పులు పోసి, దాంతో తన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. తడిపిన గుడ్డ మీద చెంబు ఆనగానే లేచే ఆవిరి వాసన, కుంపటి మీద అమ్మ వేపుతున్న ఎండు నెత్తళ్ళ వాసన కలిసి పాకంతా నిండిపోయేవి. అప్పటినుంచి ఆదివారం ఆరాధన అయ్యేదాకా నాన్న ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. జుట్టుకి నీళ్ళు రాసి పాపిడి తీసి, బైబిలును ఉతికిన తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని నడిచేవాడు. బైబిలు చదవడం నాన్నకు రాదు. ఆ మాట ఎవరూ అనేవారు కాదు.

అమ్మది ఇంకో రకం. అమ్మ పేరు సువార్తమ్మ. మా పేట ఆడవాళ్ళ ఊడ్పుల ముఠాకి అమ్మే పాట ఎత్తే మనిషి. ఊడ్పంటే నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ పొద్దంతా బురదలో నాటడం. అది నోటితోనే సాగుతుంది, చేత్తో కాదు అనేది అమ్మ. అమ్మ ఒక మాట ఎత్తేది, ఆ మాట చివర ఆగేది, ఆ ఆగిన చోట వరసంతా ఒక్కసారి అందుకునేది. అందుకునేటప్పుడే చేతిలో మొక్క మట్టిలోకి దిగేది. ఎత్తినామె ఎప్పుడూ బదులు తను పాడదు. ఎత్తి, వదిలేస్తుంది. బదులు వచ్చేవాళ్ళ మీద అంత నమ్మకం. సాయంత్రం అమ్మ ఇంటికొస్తే చీర కుచ్చెళ్ళనిండా బురద, కాలివేళ్ళ సందుల్లో పుళ్ళు, ఒంట్లోంచి పచ్చి ఆకు వాసన. అయినా దాలిలో పిడకలు సర్దుతూ ఏదో వరస ముక్కుతో తీస్తూనే ఉండేది. నేనూ తొమ్మిది పదేళ్ళకే ఆ వరసలో చేరాను. బడికి పంపింది అన్నయ్యని ఒక్కణ్ణే. బోర్డింగు స్కూల్లో చదివాడు, అక్కడే హార్మోనియం నేర్చుకున్నాడు, తిరిగొచ్చి రైసుమిల్లులో గుమాస్తా అయ్యాడు, చర్చిలో క్వయరు నడిపేవాడు.

కీర్తనలు సొంతంగా కట్టేవాడు. క్రిస్మసుకొకటి, కోతల పండక్కొకటి. పెద్ద పెద్ద మాటలతో, బోర్డింగులో విన్న దొరల కాలం నాటి వరసల్లో కట్టేవాడు. పాస్టరుగారు మెచ్చుకునేవారు. చుట్టుపక్కల సంఘాలవాళ్ళు పిలిపించుకునేవారు. నాన్న పైకి నవ్వేవాడు కాదు గానీ, అన్నయ్య పాడుతున్నంతసేపూ కానుక డబ్బులు పట్టే సంచి కర్రని బిగించి పట్టుకుని ఎటూ చూడకుండా నిలబడేవాడు. అమ్మ మాత్రం ఇంటికొచ్చాక ఏడిపించేది.

“బాగానే ఉందిరా నాయనా. నీ పాట వింటంటే ఎవరో సూటూ బూటూ ఏసుకుని మనింటికొచ్చినట్టుంటది. కూకోమందామంటే కుర్చీ లేదు.”

“నీకు ఊడ్పు పాటలు తప్ప చెవికెక్కవమ్మా,” అనేవాడు అన్నయ్య. వాటిని మొదట్లో చిన్నచూపే చూసేవాడు. బోర్డింగు నుంచి వచ్చిన కొత్తలో అమ్మ పెరట్లో పాడుతుంటే తలుపు దగ్గరగా వేసుకునేవాడు.

ఒక వానాకాలం మిల్లు మూతపడింది. ఊరికే కూర్చోవడం నామోషీ అనిపించి అన్నయ్య ఆకు కట్టలు, అంటే నారు కట్టలు, అందించడానికి మాతో చేలోకి వచ్చాడు. అప్పుడే నూకరత్నం ఆ గట్టున వస్తూ ఉండేది. సముద్రం ఒడ్డున ఉండే బెస్తల పిల్ల. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని, బస్సు దిగి, చేల గట్ల మీదుగా పేటలన్నీ తిరిగి అమ్ముకునేది. పొడుగ్గా, నల్లగా, గంప మీద చెయ్యి వేయకుండా నడిచేది. అన్నయ్య కట్టలు విసరడం ఆపి చూస్తూ నిలబడితే కరుణమ్మ పిన్ని, “ఒరే గుమాస్తా, మా చేతుల్లో ఆకు అయిపోయింది గానీ నీ చూపు అవ్వలేదురా!” అని కేకేసింది. వరసంతా పగలబడి నవ్వింది. కరుణమ్మ పిన్ని మా పక్కింటావిడ, నోరు అదుపులో పెట్టుకోవడం తెలియని మనిషి.

ఆ సాయంత్రం అన్నయ్య హార్మోనియం అరుగు మీదకు తెచ్చుకుని అమ్మని పిలిచాడు.

“అమ్మా, పొద్దున్న రెండో మడిలో ఎత్తావే, ఆ వరస మళ్ళీ అను.”

“ఆ పెట్టె ముందా? సిగ్గేత్తాది పో.”

“సిగ్గేంటమ్మా, నేనేగా.”

అమ్మ ముఖం గోడవైపు తిప్పుకుని పాడింది. అన్నయ్య హార్మోనియం మెట్ల మీద వేళ్ళతో వెతుక్కున్నాడు. ఒకచోట దొరకలేదు. రెండు మెట్లకీ మధ్యలో ఎక్కడో ఉంది అమ్మ గొంతు. “ఇది పెట్టెలో లేదమ్మా,” అన్నాడు ఆశ్చర్యంగా. అమ్మ వెనక్కి తిరిగి, “నువ్వు అంతదూరం పోయి చదివింది ఆ పెట్టేనా?” అంది. ఆ రోజు వాళ్ళిద్దరూ నవ్వుకున్నట్టు మళ్ళీ నవ్వుకోవడం నేను చూడలేదు. ఆ తర్వాత వారం రోజులూ అన్నయ్య నోట్లో ఏదో నములుతున్నట్టే ఉన్నాడు. ఒక పొద్దున చేలో కట్టలు మోస్తూ మోస్తూ, అమ్మ ఎత్తకముందే, తనే ఎత్తాడు:

“గంప దించవే పిల్లా, గంప దించవే
గట్టు మీద నా నీడుంది, కాసేపు కూకోవే…”

ఆ గట్టు మీద చెట్టూ చేమా లేవు. ఎండలో ఒక మనిషి నిలబడితే పడే నీడ తప్ప వేరే నీడ లేదు. ఆ పిల్ల కూర్చోవాలంటే ఇతను ఎండలో నిలబడే ఉండాలి. అదంతా నాకు తర్వాత తెలిసింది. ‘కాసేపు కూకోవే’ అన్నచోట ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే అందుకున్నారు. మధ్యాహ్నం చద్దన్నం తినేవేళకి రెండో చరణం కూడా వచ్చింది:

“ఉప్పుగాలి నీ వంటికి, ఊడ్పు బురద నా కాలికి
ఎవరికెవరు కడగాలో ఏటి నీళ్ళనడగవే…”

అమ్మ ఉల్లిపాయ కొరుకుతూ, “ఇప్పుడొచ్చాడు మావోడు మా ఇంటికి,” అంది. అంతకు మించి మెచ్చుకోలేదు.

ఆ ఊడ్పులు అయ్యేలోగా కాలవకి అటూ ఇటూ అన్ని ముఠాలూ ఆ పాటే పాడాయి. నూకరత్నం చెవిన పడకుండా ఎలా ఉంటుంది? ఒకరోజు గట్టు మీద ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, అందరూ వినేలా అడిగింది. “ఏంటండీ గుమస్తాగారూ, నా గంప మీద పాట కట్టారంటగా? కట్టినోరు కాస్త దించడానికి చెయ్యెయ్యచ్చుగా!” అన్నయ్య బురద కాళ్ళతో గట్టెక్కి గంప దించాడు. ఆ పిల్ల నిజంగానే కూర్చుంది. వాళ్ళేం మాట్లాడుకున్నారో దూరానికి వినపడలేదు. గంప మళ్ళీ నెత్తికెత్తుకునేటప్పుడు నవ్వు ఆపుకోవడం కోసం పెదవి కొరుక్కుంటూ ఉంది.

ఇక చర్చిలో జరిగింది చెప్పాలి. దానికి అన్నయ్యనీ అనలేం, ఆడవాళ్ళనీ అనలేం. కానుక పట్టేటప్పుడు హార్మోనియం మీద మెల్లగా ఏదో ఒక కీర్తన వరస వాయించడం మా సంఘంలో అలవాటు. అప్పుడెవరూ పాడరు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. ఊడ్పుల నడుమ వచ్చిన ఆదివారం అది. వారమంతా నడుం వంచిన ఆడవాళ్ళు చాప మీద కూర్చుని, పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, సగం నిద్రలో ఉన్నారు. తడి గొడుగుల వాసన, కొబ్బరినూనె వాసన. అన్నయ్య వేళ్ళు ఏదో వాయిస్తూ వాయిస్తూ, తనకు తెలియకుండానే, అమ్మ వరసలోకి దిగిపోయాయి. చాలా నెమ్మదిగా, ప్రార్థనలాగే వాయించాడు. ఎత్తే మాట వరస అయిపోయి, ఆగవలసిన చోట హార్మోనియం ఆగింది. ఆ ఆగిన చోట ఊరుకోవడం వాళ్ళ ఒంటికి తెలియదు. ముందు కరుణమ్మ పిన్ని, ఆ వెనకే ఆడవాళ్ళ వైపు మొత్తం, కళ్ళు మూసుకునే, గొంతు నిండా అందుకున్నారు: “కాసేపు కూకోవే…”

పిల్లలు కిసుక్కుమన్నారు. మగవాళ్ళ వైపు మధ్యలో నాన్న కానుక సంచి చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు అదిరేలా నవ్వుతోంది. ప్రసంగ వేదిక మీద పాస్టరుగారు నవ్వలేదు.

“వరస ఇనపడితే నోరు ఆగదండి బాబూ,” అని బయటికొచ్చాక కరుణమ్మ పిన్ని చేతులు జోడించింది. “నిద్దట్లో వచ్చేసిందండి. ప్రభువే లెగిసి కూకుంటాడనుకున్నాను.” ఆ మాటతో ఇంకా చెడింది.

ఆడవాళ్ళనెవరూ ఏమీ అనలేదు. కూలి ఆడవాళ్ళకేం తెలుసు అన్నారు. తప్పు హార్మోనియం దగ్గర కూర్చున్నవాడిది అన్నారు. సాయంత్రం సంఘ పెద్దలు కూర్చున్నారు. పాట ఎవరిది, గంప ఎవరిది అన్నీ బయటికొచ్చాయి. అన్యుల పిల్ల మీద ప్రేమ పాట కట్టి దేవుని సన్నిధిలో వాయించాడు కాబట్టి క్వయరు నుంచి తీసేయాలనీ, ఆదివారం అందరి ముందూ నిలబడి ఆ పాట పాపమని ఒప్పుకునేదాకా రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకు రాకూడదనీ అన్నారు. అలా ఆపిన మనిషి మా సంఘంలో పెళ్ళిలోనూ, సమాధి దగ్గరా పాట ఎత్తకూడదు. సమాధుల దొడ్డి గోడ బయటే నిలబడాలి. అన్నయ్య అడిగింది ఒకటే. “పాటలో పాపం మాట ఏదో చూపించండయ్యా. తీసేస్తాను. ఒప్పుకుంటాను కూడా.” ఎవరూ చూపించలేదు. సమ్మతమైనవాళ్ళు చేతులెత్తమంటే అందరికన్నా ముందు లేచిన చెయ్యి నాన్నది. కొడుకని వెనకేసుకొచ్చాడని ఎవరూ అనకూడదని.

అన్నయ్య ఒప్పుకోలేదు. చర్చి హార్మోనియం తాళంచెవి నాన్న ముందు పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు మూడేళ్ళు పూర్తిగా పల్లె పాటల్లోనే బతికాడు. డోలక్కు వాయించే ఒక స్నేహితుణ్ణి కూడగట్టుకుని పెళ్ళిళ్ళలో, తీర్థాల్లో, పడవల రేవుల్లో పాడేవాడు. కాలవ గట్టు మీద, ఉప్పు మీద, పీతల మీద, సినిమా క్యూలో చెప్పులు పోగొట్టుకున్న ముసలాడి మీద పాటలు కట్టాడు. జనం ‘గంప దేవసహాయం’ అనేవారు. గొంతు కూడా మారింది. చర్చిలో పైపైన తేలే గొంతు, ఇప్పుడు కడుపులోంచి వచ్చేది. ఏ ఊళ్ళో పాడినా చివరికి గంప పాట పాడందే వదిలేవారు కాదట. ఆ పాటలేవీ కాగితం మీద లేవు. కాగితం నాకు అప్పుడు తెలియదు, అన్నయ్యకు అక్కర్లేకపోయింది. ఇప్పుడు వెతుక్కుంటే నాకు ముక్కలే దొరుకుతున్నాయి.

నూకరత్నం చివరిసారి మా పేటకి వచ్చినప్పుడు గంప లేదు. అన్నయ్య కోసం అరుగు మీద కూర్చుని ఎదురుచూసింది. ఎడం చెంప కమిలి ఉంది. అన్నయ్య రాగానే లేచి నిలబడింది. “మీ పాట బాగుంటదండి. కాదనను. మీరు పాడితే నలుగురూ మెచ్చుకుంటారు. అదే పాట మా ఊళ్ళో ఎవడైనా పాడితే ఇంటికాడ నన్ను కొడతారు. మావయ్య సంబంధం ఖాయం చేశాడండి. ఇంక ఇటేపు రాను.” అన్నయ్య ఏదో అనబోయాడు. “పాట మానెయ్యమని చెప్పటం లేదండి,” అంది. “ఇప్పుడు మానేసినా ఆగదుగా.” అంతర్వేది అవతలకి ఇచ్చారని తర్వాత విన్నాం.

అమ్మకి కడుపులో గడ్డ అని తేలింది ఆ మరుసటేడు. రాజమండ్రి పెద్దాసుపత్రిలో చూసి, ఇంటికి తీసుకెళ్ళిపోండి అన్నారు. పొలం పనికి పోని అమ్మని చూడటం నాకదే మొదటిసారి. అరుగు మీద నులకమంచం వేసి పడుకోబెట్టాం. గంజి తప్ప దిగేది కాదు. కబురు తెలిసి అన్నయ్య ఊళ్ళు తిరగడం ఆపి ఇంటికొచ్చాడు. నాన్న ఒకే ఇంట్లో ఉండి కూడా అతనితో మాట్లాడలేదు. అన్నయ్య మాత్రం అమ్మ కాళ్ళకి నూనె రాస్తూ మంచం పట్టెని అంటిపెట్టుకుని ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అమ్మ అడిగింది.

“ఒరే, నన్ను పాతేటప్పుడు ఎవరు పాడతార్రా?”

“ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు?”

“ఆ జోసెఫ్‌గాడా? వాడు పాడితే నేను లేచొచ్చేత్తాను.”

జోసెఫ్ అన్నయ్య తర్వాత క్వయరు నడుపుతున్నవాడు. నాకు నవ్వొచ్చింది. అన్నయ్యకూ వచ్చింది. అమ్మ నవ్వలేదు. “నువ్వే పాడాలి. గోడవతల నిలబడి కాదు. నా నెత్తికాడ నిలబడి పాడాలి. అంతే నాయనా, ఇంకేం అడగను,” అంది. అలా పాడాలంటే ఏం చెయ్యాలో ముగ్గురికీ తెలుసు. పాపం ఏదో చూపించమని అన్నన్నేళ్ళు తల వంచనివాడు, తల వంచాలి. అన్నయ్య లేచి కాలవ గట్టుకి పోయి పొద్దు కుంకేదాకా కూర్చున్నాడు. వచ్చి, “సరే అమ్మా,” అన్నాడు. శనివారం సాయంత్రం నాన్న చెంబులో నిప్పులు పోసి, తన చొక్కా అయ్యాక, అన్నయ్య చొక్కా కూడా తీసుకుని ఇస్త్రీ చేశాడు.

ఆదివారం అమ్మని మంచంతో సహా మోసుకెళ్ళి ఆడవాళ్ళ వైపు దించారు. పాస్టరుగారు ముందు అన్న మాటని అన్నయ్య వెనక అనాలి. నేను లోక సంబంధమైన పాట కట్టాను. అన్నాడు. అది నా శరీరంలోని ఆశ వలన పుట్టింది. అన్నాడు. అది పాపమని ఒప్పుకుంటున్నాను. కాస్త ఆగి, అన్నాడు. పాస్టరుగారు అంతటితో ఆపబోయారు. ఒక పెద్దాయన లేచి, రేపు మళ్ళీ పాడడని ఏంటి నమ్మకం, ఒట్టు వేయించండి అన్నారు. ఆ పాట గానీ, ఆ వరస గానీ నా నోట ఇక రాదని దేవుని ఎదుట ప్రమాణం చేస్తున్నాను. అదీ అన్నాడు. ఆడవాళ్ళందరూ చాప వైపు చూస్తూ కూర్చున్నారు. “మేమూ పాడాంగా,” అని కరుణమ్మ పిన్ని గొణిగింది గానీ, ఎవరూ విననట్టే ఊరుకున్నారు. అప్పుడు హార్మోనియం తాళం అన్నయ్య చేతికిచ్చారు. తను పాత రోజుల్లో కట్టిన కీర్తనే పాడాడు. తప్పు లేదు, తడబాటు లేదు. చాలా బాగుందని అందరూ అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పైకప్పు దూలం చూస్తూ పడుకుని ఉంది.

ఇంటికొచ్చాక అమ్మకి గంజి పట్టాను. రెండు గుక్కలు తాగి చాలంది. అన్నయ్య ఇంకా ఆ ఇస్త్రీ చొక్కాలోనే మంచం పక్కన పీట మీద కూర్చున్నాడు. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు.

“గంప పాట ఒక్కసారి పాడరా,” అంది అమ్మ.

అన్నయ్యకి అర్థం కాలేదనుకుంటాను. “ఇందాకేగా అమ్మా ఒట్టేసింది,” అన్నాడు.

“వాళ్ళకేశావు. నాక్కాదుగా.”

“దేవుడికమ్మా.”

ఆ ఒట్టులో తన వరస కూడా పోయిందని అమ్మకి అప్పుడు తట్టిందో, చర్చిలోనే తట్టిందో నాకు తెలియదు. “ఆ వరస నాదిరా,” అంది. తర్వాత ఊపిరి కూడదీసుకుని తనే ఎత్తింది. గొంతు లేదు, గాలే. గంప దించవే పిల్లా… గట్టు మీద నా నీడుంది… అక్కడ ఆగి, అలవాటు ప్రకారం, వదిలేసింది. అన్నయ్య ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది. అన్నయ్య రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని తల దించేశాడు. నేను అందుకోబోయాను. అమ్మ చెయ్యి కాస్త పైకెత్తి ఆపింది. ఆమెకి కావలసింది నా గొంతు కాదు. గుమ్మంలో నాన్న అటు తిరిగి నిలబడ్డాడు. బదులు రాలేదు. అమ్మ చెయ్యి మెల్లగా మంచం మీదకి దిగింది.

ఆ వారం దాటలేదు. సమాధి దగ్గర అన్నయ్యే పాడాడు, అమ్మ నెత్తి దగ్గర నిలబడి, అన్ని చరణాలూ. తిరిగి వస్తుంటే గట్టు మీద నన్ను అడిగాడు. “ఆ రోజు పాడుంటే ఏమయ్యేదే చిట్టీ?” నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. అన్నయ్య మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. సంఘంవాళ్ళు చూసిన సంబంధమే చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు, ప్రతి ఆదివారం హార్మోనియం ముందు కూర్చున్నాడు. కొత్త పాట కట్టలేదు. కీర్తన కూడా కట్టలేదు. ఎవరైనా అడిగితే, ఉన్నవి చాలవా అనేవాడు.

ఇప్పుడు మా చేలల్లో నాట్లు మిషను వేస్తోంది. మిషను వెళ్ళని మూలల్లో నాటడానికి ఎక్కడినుంచో ముఠాలు వస్తాయి. గట్టు మీద స్పీకరు పెట్టుకుంటారు. బదులు చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. చర్చిలో హార్మోనియం మూల పడింది, కీబోర్డు వచ్చింది, డ్రమ్ములు వచ్చాయి. పిల్లలు ఏ వరసకైనా ప్రభువు మాటలు పెట్టి పాడుతున్నారు, ఎవరూ చెయ్యెత్తి ఆపడం లేదు. అది మంచిదేనని నాకూ తెలుసు. అప్పటి కట్టుబాటు మళ్ళీ రావాలని నేను ఎన్నడూ కోరుకోలేదు. కానీ ఆనాడు ఒక పాటని చూసి సంఘమంతా భయపడింది. భయపడిందంటే పాట ఎవరిదో, ఎవరి మీద కట్టిందో అందరికీ తెలుసు. ఇప్పుడు భయమూ లేదు, తెలిసినవాళ్ళూ లేరు. ఈ రెంటిలో ఏదీ అన్నయ్యకి పనికిరాలేదు.

మొన్నటి క్రిస్మసుకి అన్నయ్య రెండో వరసలో, చేతికర్ర కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నేను ఆడవాళ్ళ వైపు. పిల్లలు కొత్త పాట మొదలుపెట్టారు. మొదటి ముక్కకే గుర్తుపట్టాను. అమ్మ వరస. అదే ఎత్తు, అదే ఆగడం. భారం దించవే, ప్రభువు నీడుంది, కాసేపు కూర్చోవే. పాస్టరుగారు చప్పట్లు కొడుతూ అందరినీ అందుకోమన్నారు. చర్చి మొత్తం అందుకుంది. నేను అన్నయ్య వైపే చూస్తున్నాను. పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాడు. అంత చప్పుడులో, ఆ వయసులో, ఒట్టు తప్పినా ఎవరికీ వినపడదు. అయినా నోరు తెరవలేదు.

ఆరాధన అయ్యాక గిటారు వాయించిన అమ్మాయి పెద్దవాళ్ళకి నమస్కారం చెబుతూ మా దగ్గరికి వచ్చింది.

“తాతగారూ, పాట ఎలా ఉందండి?”

“బావుందమ్మా. ఎవరు కట్టారు?”

“మాటలు మేమే పెట్టామండి. ట్యూను పాతదండి, జానపదం. ఎవరో కట్టింది కాదండి అది, అలా వచ్చేసిందంతే.”

“ఆయ్,” అన్నాడు అన్నయ్య.